ఆదివారం రైడ్: హెడ్‌ఫోన్ల విషయం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 6 గంటలకు మన సైకిల్ రైడ్ మొదలవుతుంది. అందరూ పావుగంట ముందే చేరుకుని బ్రేకులు, టైర్లలో గాలి సరిచూసుకోవాలని మనవి.

రైడ్‌లో పాటలు వినవచ్చా అని కొందరు అడిగారు. గుంపుగా తొక్కేటప్పుడు వద్దనే నిర్ణయించాము. ముందున్నవారు "గుంత", "ఆగుతున్నాం" అని వేసే కేక వెనకవారి చెవిన పడాలి. వెనక వస్తున్న వాహనం సంగతి మనం తల తిప్పకముందే తెలిసేది దాని చప్పుడు వల్లనే. నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్లు సరిగ్గా ఇంజన్ హోరు వంటి ఎడతెగని శబ్దాన్నే అణచివేస్తాయి. వాల్యూమ్ తగ్గించి వింటామన్న మాట కూడా నిలవదు, ఎందుకంటే వేగం పెరిగేకొద్దీ చెవుల దగ్గర గాలి హోరు పెరుగుతుంది, దానికి తగ్గట్టు వాల్యూమ్ కూడా పెంచేస్తాం. ఒక చెవికే పెట్టుకుంటే, రెండు చెవులకూ అందే శబ్దంలోని తేడాను బట్టి దిక్కును పోల్చుకునే మన మెదడుకు ఆ పని కష్టమవుతుంది. చెవిని మూయకుండా ఎముకల ద్వారా శబ్దాన్ని చేరవేసే బోన్ కండక్షన్ రకం కొంత నయమే గానీ, పాట మీదికి మళ్లిన ధ్యాసను అది వెనక్కి తేలేదు. ఫ్రాన్స్‌లోనైతే 2015 నుంచి సైకిల్ మీద ఇయర్‌ఫోన్లు చట్టరీత్యా నిషేధం.

వినికిడి యంత్రం వాడేవారికి ఇది వర్తించదు. వారు దానిని తప్పక పెట్టుకునే రావాలి. మలుపుల దగ్గర ముందున్నవారు చేయి చూపుతారు కనుక ఫోన్‌లో దారి వినవలసిన అవసరం ఉండదు.

రాలేనివారు శనివారం సాయంత్రంలోగా ఇక్కడే తెలియజేయగలరు.