అమ్మలూకి, కొత్తింటి ప్లాను గురించి

చి.సౌ. అమ్మలూకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసా. అల్లుడుగారు, పిల్లలు, మీ అత్తగారు, మామగారు అందరూ బాగున్నారని తలుస్తాను.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాను ప్రింటు తీయించి, స్కేలు పెట్టుకుని కూర్చుని చూశాను. ఫోన్లో చెబితే సైటు దగ్గర హడావుడిలో సగం చెవిన పడదు. కాగితం మీద ఉంటే ఇంజనీరు గారికి కూడా చూపించొచ్చని రాస్తున్నాను. ఆర్ అండ్ బి శాఖలో ఇన్నేళ్లు ప్లాన్లు గీసినవాణ్ణి, కూతురి ఇంటి విషయంలో ఊరుకోలేను కదా.

గదులతో నాకు పేచీ లేదు. వంటిల్లు ఆగ్నేయంలో చక్కగా కుదిరింది. మీ అత్తగారి వాళ్ల గది కింద పెట్టడం మంచి పని. నా బెంగంతా ఆరుబయట గురించే. గదులన్నీ గీసేశాక హాలు ముందు ఓ నాలుగడుగుల చోటు మిగిలితే దానికి 'సిటౌట్' అని పేరు రాశారు. అది పడమర వైపు ఉంది, వెనకాల ఆ గోడ పొడవునా అద్దాల తలుపు. అక్కడ ఎవరు కూర్చుంటారమ్మా, ఏ వేళప్పుడు కూర్చుంటారు? నాలుగు అడుగుల్లో కుర్చీ వేస్తే కాళ్లు చాపుకోవడానికి ఉండదు, ఎవరైనా వస్తే లేచి దారి ఇవ్వాలి. చెప్పుల స్టాండు, ఎండిపోయిన రెండు కుండీలు తప్ప అక్కడ ఇంకేమీ ఉండవు.

ఎండ లెక్క ఒకసారి చూడు. మీది పడమటి ముఖం స్థలం. ముప్ఫై అడుగుల వెడల్పు, అరవై అడుగుల లోతు, వెరసి 200 గజాలు. హైదరాబాదులో మే నెలలో ఒకరోజు, ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకి నీడ పడదు. అంటే మండు వేసవిలో మిట్ట మధ్యాహ్నం ఎండ గోడలకి తగలదు, అంతా స్లాబు మీదే. గోడలకి అసలు పరీక్ష రెండు దాటాక మొదలవుతుంది. పడమటి ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి రెండడుగుల సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ సాయంత్రం దాకా ఆ వేడిని తాగి, మీరు అన్నాలు తిని పడుకునే వేళకి లోపలికి వదలడం మొదలుపెడుతుంది. అద్దమైతే అంతసేపు కూడా ఆగదు.

అదే సాయంత్రం ఇంటికి తూర్పు వైపు సంగతి చూడు. మధ్యాహ్నం దాటితే చాలు, ఇంటి నీడే అటు పడుతుంది. నాలుగింటికల్లా పెరట్లో కూర్చోవచ్చు. ఇంకో లాభం కూడా ఉంది. హైదరాబాదులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలివాన ఎక్కువగా పడమటి వైపు నుంచే కొడుతుంది. ఇల్లే అడ్డం కాబట్టి తూర్పున వసారా ఉంటే అందులోకి జల్లు అంతగా రాదు. వాన చూస్తూ పకోడీలు తినే చోటు అదే అవుతుంది.

అందుకని నేను చెప్పేది ఒక్కటే: వసారాని వెనక్కి, తూర్పుకి తీసుకెళ్లండి. ముందు గదులు గీసి మిగిలింది దానికి ఇవ్వడం కాదు, ముందు దాన్నే గీసి తర్వాత గదులు సర్దండి. దానికి ఎనిమిది అడుగుల వెడల్పు కావాలి. ఎనిమిదైతే కుర్చీలు వేశాక కూడా మనుషులు నడుస్తారు, నవారు మంచం వాల్చుకోవచ్చు, ఆవకాయ రోజుల్లో ముక్కలు ఆరబోసుకోవచ్చు, పిల్లలు కింద కూర్చుని క్యారమ్స్ ఆడుకోవచ్చు. ఈ ఎనిమిది అడుగులు ఎక్కణ్ణుంచి తేవాలని అల్లుడుగారు అడుగుతారు. ముందున్న సిటౌట్ తీసేస్తే నాలుగు, హాలు లోతు నాలుగు తగ్గిస్తే నాలుగు. హాల్లో చోటు తగ్గిందని బాధపడకండి. హాలూ వసారా మధ్య తలుపులు పూర్తిగా తెరిస్తే రెండూ కలిసి ఒకే పెద్ద గది అవుతాయి.

అప్పుడు లెక్క ఇలా వస్తుంది. పడమర రోడ్డు వైపు పదహారు అడుగులు కారుకి, దాని పక్కనే హాల్లోంచి పైకెళ్లే మెట్లు. మధ్యలో ముప్ఫై అడుగులు ఇల్లు. తర్వాత ఎనిమిది అడుగుల వసారా, ఆ పైన ఆరడుగుల పెరడు. కారూ మెట్లూ ముందుండటం వల్ల హాలు గోడ నేరుగా ఎండలో పడదు. వాస్తు చూసేవారు కూడా కాదనరు. తూర్పు, ఉత్తరం వైపు ఖాళీ వదలమనీ, పెద్ద చెట్లు పడమర, దక్షిణం వైపు పెట్టమనీ వాళ్లూ చెబుతారు. సెట్‌బ్యాక్ కొలతలు, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, మాత్రం మున్సిపాలిటీ అప్రూవల్ ప్రకారం ఇంజనీరు గారు సరిచూడాలి.

ఇక ఇంటి మధ్యలో నువ్వు పెట్టమన్న కోర్ట్‌యార్డ్ గురించి. నీ మనసులో అమ్మమ్మ వాళ్ల కోనసీమ ఇల్లు ఉందని నాకు తెలుసు. ఆ మండువా లోగిలి ఎలా పనిచేసేదో ఒకసారి ఆలోచించు. నాలుగు వైపులా పెంకుల వాలు లోపలికే దిగేది. వాన పడితే నాలుగు చూరుల నీళ్లూ మధ్య గచ్చు మీద పడి, తూములోంచి పెరట్లోకి పోయేవి. మీ అమ్మమ్మ చూరు కింద వరసగా బిందెలు పెట్టించేది. మండువా చుట్టూ వసారాలు. పొద్దున తూర్పు వసారాలో నీడ ఉండేది, మధ్యాహ్నం పడమటి వసారాలోకి మారేది, నీడని బట్టి మంచాలూ మనుషులూ మారేవారు. పైన ఆకాశం తెరిచే ఉండేది కాబట్టి ఇంట్లో వేడి గాలి అటునుంచి పోయేది. అంత పెద్ద స్థలం, అంత వెడల్పు నడవా ఉంటేనే ఆ ఏర్పాటు నడిచింది.

మీ ప్లానులో ఉన్నది ఐదడుగుల చతురస్రం, పైన గట్టి అద్దం. అద్దం బిగిస్తే ఎండ లోపలికి వస్తుంది, వేడి బయటికి పోదు. మొదటి వేసవికే దాని మీద గ్రీన్ నెట్ కప్పుతారు. రెండో ఏడు వానకి అద్దం అంచుల్లో లీకేజీ మొదలవుతుంది, కొత్త ఫాల్స్ సీలింగ్ మీద మరకలు. అది వద్దు తల్లీ. ఆ ఆశ తీరే మార్గం వేరే ఉంది. మెట్లు డాబా మీదికి వెళ్లే చోట కట్టే గదికి పైన గోడల్లో రెండు పక్కలా ఇటుక జాలీ పెట్టించండి, వాన జల్లు పడకుండా చిన్న సన్‌షేడ్‌తో. వేడి గాలి పైకి లేచి అక్కణ్ణుంచి పోతుంది, కింద వసారా వైపు నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. రాయలసీమ మట్టి మిద్దెలకి పైన గవాచి అని ఒక కంత ఉంచేది కూడా వెలుతురికీ, పొగ పోవడానికే. ఇటుక జాలీ ఎంత అందంగా ఉంటుందో చూడాలంటే తిరువనంతపురంలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఫొటోలు నెట్‌లో చూడు. పూత లేని ఇటుక, గోడంతా చిల్లులు, ఆ చిల్లుల్లోంచి నేల మీద పడే వెలుతురు. మన మేస్త్రీలు ఒకటి రెండు వరసలు చూపిస్తే చక్కగా కట్టేస్తారు.

తలుపులు: యూపీవీసీ స్లైడింగ్ అనుకున్నారు కదా. రెండు రెక్కల స్లైడింగ్ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది, ఒక రెక్క ఎప్పుడూ అడ్డంగానే ఉంటుంది. కింద ట్రాకులో దుమ్ము పేరుకుంటుంది, మీ అత్తగారి మోకాళ్లకి ఆ గట్టు దాటడం కష్టం. నాలుగు రెక్కలు మడిచి గోడకి ఆనే తలుపులు పెట్టండి. కర్ర ఖరీదు ఎక్కువైతే లోపల గదుల తలుపులు మామూలువి పెట్టి ఇక్కడ ఖర్చు చేయండి. రోజూ వాడేది ఇదే.

నేల సంగతి నాకు చాలా ఇష్టమైనది, కాస్త ఓపిగ్గా చదువు. మీకు తాండూరు దగ్గరే. పెద్ద పెద్ద మెరిసే టైల్స్ బదులు తాండూరు బండలు వేయండి. హాల్లో పాలిష్ పెట్టించినవి, వసారాలో పాలిష్ లేనివి. రాయి ఒకటే కాబట్టి తలుపులు తెరిచినప్పుడు లోపలా బయటా ఒకటే నేలలా కనిపిస్తుంది. పాలిష్ లేని బండ మీద అరచెయ్యి పెట్టి చూస్తే సన్నని గరుకు తగులుతుంది, తడి కాలుతో నడిచినా జారదు. మే నెలలో కూడా నీడలో ఉన్న బండ మీద ఒట్టి కాళ్లతో హాయిగా నడవొచ్చు. కొనేటప్పుడు ఒకే లోడులో తీసుకోండి, లోడు మారితే రంగు మారుతుంది. వసారా నేల హాలు కంటే అర అంగుళం మాత్రమే కిందికి ఉండాలి, ఎనిమిది అడుగులకి ఒక అంగుళం పెరటి వైపు వాలు ఉండాలి. పరిచిన రోజే బకెట్ నీళ్లు పోయించి చూసుకో. నీళ్లు ఎక్కడైనా నిలిస్తే మేస్త్రీ అక్కడ ఉండగానే ఆ బండ లేపించు.

వసారా అంచున రెయిలింగు బదులు అరుగు కట్టించండి. ఎత్తు పద్దెనిమిది అంగుళాలు, వెడల్పు రెండడుగులు. మీ అత్తగారికి కూర్చుని లేవడానికి ఆ ఎత్తు సుఖం. బాసింపట్టు వేసుకుని కూరగాయలు తరుక్కోవడానికీ సరిపోతుంది. పదిమంది వచ్చినప్పుడు కుర్చీల కోసం వెతుక్కోనక్కర్లేదు.

దోమల సంగతి మర్చిపోవద్దు. పెరటి వైపు వసారా ఎంత బాగా కట్టినా చీకటి పడగానే అందరూ లోపలికి పారిపోతే ఏం లాభం? అరుగు పైనుంచి స్లాబు దాకా మెష్ ఫ్రేములు పెట్టించండి, జరుపుకునేలా. కోతులు వచ్చే ఏరియా అయితే బయట పలచటి గ్రిల్లు కూడా తప్పదు. ఫ్యాను ఉంటే దోమలు సగం తగ్గుతాయి. ఇది చాలా ముఖ్యం: వసారా స్లాబు పోసే ముందే ఫ్యాను బాక్సు, లైటు పైపులు పడాలి. తర్వాత చెక్కితే స్లాబు పాడు. గోడకి ఒక ప్లగ్గు పాయింటు, పెరటి చివర ఒక కుళాయి కూడా రాయించు.

పెరడు ఆరడుగులే కదా అని మొత్తం సిమెంటు చేయించకండి. పేవర్ టైల్స్ కూడా వద్దు. వంటింటి తలుపు దగ్గర అంట్లు తోముకునే గచ్చు తప్ప మిగతాది మట్టే ఉండనివ్వండి, వాన నీరు ఇంకుతుంది. ఆ గచ్చు నీళ్లు పారే చోట అరటి పిలక ఒకటి పెట్టు. కరివేపాకు, నందివర్ధనం, ఒక నిమ్మ చాలు. వెనకింటి వాళ్ల కిటికీలు కనిపించకుండా ప్రహరీ మీద తీగ పాకించు, సన్నజాజి అయితే సాయంత్రాలు వాసన వస్తుంది. పెద్ద చెట్టు మాత్రం ముందు, గేటు బయట. కానుగ పెట్టు. వేసవి ముదిరేసరికి కొత్త ఆకుతో దట్టంగా ఉంటుంది. పడమటి ఎండకి దాన్ని మించిన సన్‌షేడ్ లేదు. ఎదగడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి పునాది తీసే నెలలోనే నాటించు.

డాబా మీద ఇనప పైపులతో పెర్గోలా, అదే పైన కప్పు లేని పందిరి, అన్నావు. ఒట్టి పైపులు నీడనివ్వవు, చారలు పడతాయంతే. పెడితే ఒక మూలకి చిన్నది పెట్టి బీర, సొర పాకించు. మిగతా స్లాబుకి తెల్ల కూల్ రూఫ్ పెయింటు వేయించు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దానికోసం ఒక పాలసీయే తెచ్చింది. మీలాంటి చిన్న ఇళ్లకి తప్పనిసరి కాదు, అయినా వేయించు. పై బెడ్‌రూముల్లో తేడా మొదటి వేసవిలోనే తెలుస్తుంది.

మీ అమ్మ పక్కనే కూర్చుని తన మాట కూడా రాయమంటోంది. వంటింటి కిటికీ వసారాలోకి తెరుచుకోవాలట, కిటికీ గట్టు అడుగు వెడల్పు ఉండాలట. కాఫీలు, టిఫిన్లు అందులోంచి అందించేస్తే వండేవాళ్లు ఒంటరిగా లోపల ఉండిపోరు అంటోంది. ఇన్ని ప్లాన్లు గీసిన నాకు ఈ ఆలోచన రాలేదు. తప్పకుండా పెట్టించు.

శనివారం ఇంజనీరు గారితో కూర్చుంటున్నామన్నావు. అప్పుడు నాకు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టు. ఆయన పిల్లర్లు జరపాల్సి వస్తుందంటే ఇప్పుడే జరపమను, ఫుటింగులు పడ్డాక కుదరదు. డబ్బు గురించి టెన్షన్ పడకండి. వసారా తలుపులకీ, తాండూరు బండలకీ అయ్యేది నేనూ అమ్మా ఇస్తాం. అల్లుడుగారు మొహమాటపడతారు, నువ్వే నచ్చచెప్పు.

పిల్లలకి ముద్దులు. మీ అత్తగారికీ మామగారికీ మా నమస్కారాలు.

ఇట్లు,
నాన్న