ఓడించే తీరును బట్టే గేమ్ విలువ

సంపాదకులు గారికి,
నమస్కారం.

కంప్యూటర్ గేముల గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు వాటన్నిటినీ ఒకే గాటన కట్టి, పిల్లల చదువు పాడవుతోందనో, గ్రాఫిక్స్ అచ్చం నిజంలా ఉన్నాయనో చెప్పి ఊరుకుంటున్నాయి. విండోస్ వాడుకలోకి రాకముందటి డాస్ కాలం నుంచి నేటి దాకా ఆడుతూ వస్తున్న నాకు ఈ రెండు కొలతలూ చాలవనిపిస్తుంది. ఒక గేమ్ మంచిదా కాదా అన్నది అది ఆడేవాణ్ణి ఎలా ఓడిస్తుందన్న దాన్ని బట్టే తేలుతుందని నా నమ్మకం. ఓడిన మరుక్షణంలో పొరపాటు ఎక్కడ జరిగిందో తెలిసిపోయి, వెంటనే మళ్లీ ఆడాలనిపిస్తే అది మంచి గేమ్. ఎందుకు ఓడామో అంతు చిక్కకపోయినా, డబ్బు కడితే తప్ప గెలుపు లేదని తెలిసినా, దాని హంగులెన్ని ఉన్నా నేను దాన్ని మెచ్చుకోలేను.

ఇందుకు నేను మొదట చెప్పవలసింది 1989లో జోర్డాన్ మెక్నర్ రూపొందించిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా గురించి. తన తమ్ముడు పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, దాన్ని ఫ్రేము వెంట ఫ్రేముగా చూస్తూ గీయడం వల్ల అందులోని రాకుమారుడికి నిజమైన మనిషి బరువు వచ్చింది. పరుగెత్తుతున్నవాడు కీ వదలగానే నిలబడిపోడు, కాస్త ముందుకు జారి ఆగుతాడు. నేలలోంచి ముళ్లు పైకి లేచే చోట ఆ కాస్త జారుడే ప్రాణం తీస్తుంది. అదే చోట షిఫ్ట్ కీ నొక్కి ఒక్కొక్క అడుగే వేస్తే ఆ ముళ్ల మధ్య నుంచే క్షేమంగా దాటిపోవచ్చు. కానీ మొత్తం ఆటకు ఉన్నది 60 నిమిషాలే కాబట్టి అన్ని చోట్లా నెమ్మదిగా నడిస్తే కుదరదు. ఎక్కడ ఆచితూచి అడుగెయ్యాలో, ఎక్కడ తెగించాలో మనకు నేర్పేది ఆ చావులే.

ఆ గేములోనే నాలుగో లెవెల్‌లో ఒక అద్దం దారికి అడ్డుగా నిలుస్తుంది. దానిలోంచి దూకితే రాకుమారుడి నీడ విడిపడి అవతలికి పారిపోతుంది. పన్నెండో లెవెల్‌లో ఆ నీడే కత్తి పట్టుకుని ఎదురవుతుంది. దాన్ని ఒక దెబ్బ కొడితే మన ప్రాణమూ ఒకటి తగ్గుతుంది. ఏం చెయ్యాలో చెప్పే వాక్యం తెర మీద ఒక్కటీ రాదు. తగ్గుతున్న ప్రాణాల గుర్తులను చూసి మనమే గ్రహించాలి. కత్తి ఒరలో పెడితే నీడా పెడుతుంది, ఎదురుగా వెళితే ఇద్దరూ ఒక్కటవుతారు. ఓటమినే ఆధారంగా చూపించి జవాబు దాకా నడిపించిన ఇంతకన్నా గొప్ప సన్నివేశం నేను ఏ గేములోనూ చూడలేదు.

పైనుంచి రాలే ముక్కలను ఖాళీ లేకుండా పేర్చే ఆట, 1984లో అలెక్సీ పజిత్‌నోవ్ చేసిన టెట్రిస్‌లో చివరికి ఓటమి తప్పదు, అయినా కుప్పలో మిగిలిన ప్రతి ఖాళీ మన చేతులారా వదిలిందే. రాజ్యం కట్టి యుద్ధం చేసే 1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో ఓడిన ఆటను రికార్డింగ్‌గా మళ్లీ చూసుకోవచ్చు. యుద్ధంలో ఓడామనుకున్న మనకు, నిజానికి మొదట్లోనే ఊరి కేంద్రమైన టౌన్ సెంటర్‌ను ఖాళీగా వదిలేసి, పనులు చేసిపెట్టే విలేజర్లను తయారు చేయనప్పుడే ఓటమి మొదలైందని అది కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది.

కష్టం వేరు, అన్యాయం వేరు అన్న సంగతిని ఇక్కడ నొక్కి చెప్పాలి. 2011లో వచ్చిన డార్క్ సోల్స్ కష్టానికి పేరుమోసినా చాలావరకు న్యాయమైన గేమ్. అయితే అందులో బెడ్ ఆఫ్ కేయాస్ అనే పోరులో కాళ్ల కింది నేల ముందస్తు సూచన లేకుండా కూలిపోతుంది. మిగతా గేమ్ మీద ఎంత గౌరవమున్నా దాన్ని నేను సమర్థించలేను. 2018 నాటి సెలెస్ట్ అంతకన్నా ఎక్కువసార్లు చంపుతుంది, కానీ చచ్చిన తెర మొదటికే క్షణంలో తీసుకొచ్చి నిలబెడుతుంది. కావాలనుకున్నవాళ్లు ఆట వేగాన్ని తగ్గించుకునే వీలు కూడా కల్పించింది.

ఇక డబ్బు సంగతి. 1993లో డూమ్ మొదటి భాగాన్ని ఉచితంగా పంచి, నచ్చితే మిగతాది కొనుక్కోమన్నారు. కొన్నాక మళ్లీ చెయ్యి చాపలేదు. 2017లో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 మాత్రం ఆటలో బలాన్నిచ్చే కార్డులను, తెరిచేదాకా లోపల ఏముందో తెలియని లూట్ బాక్సుల్లో పెట్టింది. ఆటగాళ్లు తిరగబడటంతో విడుదల వేళకు డబ్బుతో కొనే వీలును నిలిపివేశారు. ఆ మరుసటి ఏడాది కొన్ని గేముల్లోని లూట్ బాక్సులు జూదం కిందికే వస్తాయని బెల్జియం తేల్చింది. ఎదుటివాడి చేతిలో ఓడినప్పుడు అతని నేర్పు గెలిచిందో, అతను కొన్న కార్డు గెలిచిందో తెలియకపోతే ఆ ఓటమి నుంచి నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

కనుక మీ పత్రికలో కొత్త గేమును పరిచయం చేసేటప్పుడు, దాన్ని నాలుగైదు చోట్లయినా ఓడేదాకా ఆడినవారి చేత రాయించవలసిందిగా కోరుతున్నాను. ఓడాక ఎంత వెనక్కి వెళ్లాలి, ఓటమికి కారణం తెర మీద కనిపిస్తుందా, డబ్బుతో బలం కొనుక్కోవచ్చా అన్న మూడు విషయాలూ ఆ పరిచయంలో తప్పక ఉంటే, కొనేవారికి గ్రాఫిక్స్ వర్ణన కన్నా అవే ఎక్కువ ఉపయోగపడతాయి.

భవదీయుడు,
ఒక పాఠకుడు