వనజీవి రామయ్య గారిని తలచుకుని నాటిన మొక్కలకు నీళ్లివ్వండి

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. మీ కార్యాలయంలో రెండుసార్లు అర్జీ ఇచ్చాం. జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు ఈ లేఖ రాస్తున్నాను.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్య గారు 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. కోటికి పైగా మొక్కలు నాటిన మనిషిగా, 2017లో పద్మశ్రీ అందుకున్న వనజీవిగా ఆయన మీకు తెలిసే ఉంటారు. మాకు మాత్రం ముందు గుర్తొచ్చేది జేబుల నిండా విత్తనాలు, మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' అన్న బోర్డు, పక్కన ఆయన భార్య జానమ్మ గారు. మనవరాళ్లకు కూడా ఆయన మొక్కల పేర్లే పెట్టుకున్నారు. ఇల్లు వేరు, ఊరు వేరు అని ఆయన ఏనాడూ అనుకోలేదు.

ఆయన పోయాక వచ్చిన వానాకాలంలో మా ఊరి పిల్లలు చెరువుగట్టు మీద వేప, కానుగ మొక్కలు నాటారు. ఎండలు ముదిరాక బడి నుంచి వచ్చి బిందెలతో నీళ్లు మోశారు. తర్వాత బోరు ఎండిపోయింది. సగం మొక్కలు మాడిపోయాయి. ఎండిన కొమ్మ పట్టుకుని ఒక పాప ఏడుస్తుంటే ఏం చెప్పాలో నాకు తోచలేదు.

వానలు పడేదాకా వారానికి రెండుసార్లు ట్యాంకర్ పంపించండి. మేకలు రాకుండా కంచె వేయించండి. ఏ తేదీ నుంచి పంపుతారో రాతపూర్వకంగా తెలియజేయండి. ట్యాంకర్ వచ్చిన రోజు పైపు పట్టుకోవడానికి మేమంతా గట్టు మీదే ఉంటాం.

ఇట్లు,
ఆ పిల్లల తరఫున ఒక గ్రామస్థుడు