మధ్యాహ్నపు సూర్యుడితో లెక్క

ఒరేయ్ సత్తిబాబూ,

"జీపీఎస్ పోతే నడిసముద్రంలో మీకు దిక్కెవర్రా?" అని ఫోన్లో అడిగావు. లైను సరిగ్గా లేక చెప్పలేకపోయాను, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

మధ్యాహ్నపు సూర్యుడేరా దిక్కు. పన్నెండు దగ్గర పడుతుండగా సెక్స్టెంట్ (సూర్యుడు సముద్రపు గీతకి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉన్నాడో కొలిచే పరికరం) పట్టుకుని, ఓడ నడిపే గది, అంటే బ్రిడ్జి, బయటికొస్తాం. నల్లద్దాలు అడ్డం వేసి, అద్దంలో సూర్యుణ్ణి కిందికి దించి, బింబం అడుగు అంచుని సముద్రపు గీతకి ఆనించాలి. సెక్స్టెంట్‌ని కొంచెం అటూ ఇటూ వాలిస్తే సూర్యుడు ఉయ్యాలలా ఊగుతాడు. ఆ ఊపులో అట్టడుగుకొచ్చిన చోట గీతని తాకాలి. సూర్యుడు ఎక్కుతున్నంతసేపూ మధ్యలో సందు పడుతూనే ఉంటుంది, మనం మర తిప్పి కలుపుతూనే ఉంటాం. ఒక దశలో ఇక సందు పడదు. కాసేపటికి అంచు గీతలో మునగడం మొదలెడుతుంది. ఆ రోజు ఎక్కిన గరిష్ఠ ఎత్తు మన చేతికొచ్చేసినట్టే. రేఖాంశానికి గడియారం సెకన్లతో సహా సరిగ్గా ఉండాలి. ఈ ఎత్తుతో తేలే అక్షాంశానికి, అంటే భూమధ్యరేఖకి ఎంత ఉత్తరానో దక్షిణానో ఉన్నామో దానికి, తేదీ, సుమారు వేళ తెలిస్తే చాలు. అందుకే నాకీ పద్ధతంటే అంత ఇష్టం.

లెక్క చూడు. డిసెంబర్ 21న మన విశాఖ ముందు, దిద్దుబాట్లన్నీ అయ్యాక, ఎత్తు 48 డిగ్రీల 53 నిమిషాలు (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు) వచ్చిందనుకో. 90లోంచి తీసేస్తే సూర్యుడు నడినెత్తికి 41 డిగ్రీల 7 నిమిషాల దూరం. ఆ రోజు సూర్యుడి క్రాంతి, అంటే సూర్యుడు భూమధ్యరేఖకి ఎంత పక్కకి ఉన్నాడన్నది, దక్షిణానికి 23 డిగ్రీల 26 నిమిషాలని ఆల్మనాక్ (నావికుల పట్టికల పుస్తకం) చెబుతుంది. అదీ తీసెయ్. మన అక్షాంశం 17 డిగ్రీల 41 నిమిషాలు ఉత్తరం!

సెక్స్టెంట్‌లో కనిపించిన ఎత్తుకి ముందు చెయ్యాల్సిన ఆ దిద్దుబాట్లు ఇవి. మన కన్ను నీటికి 25 మీటర్ల పైన ఉంటే సముద్రపు గీత దాదాపు 9 నిమిషాలు దిగి కనిపిస్తుంది, అంత తీసెయ్యాలి. ఒక్కో నిమిషం ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు. అది మరిస్తే ఓడ 9 మైళ్ళు పక్కన ఉన్నట్టు లెక్కొస్తుంది. మనం ఆనించింది అడుగు అంచుని, కావలసింది మధ్యని కనక, సగం బింబానికి 16 నిమిషాలు కలపాలి.

భూమధ్యరేఖ దాటితే ధ్రువనక్షత్రం కనబడదు కనకే పోర్చుగీసువాళ్ళు సూర్యుణ్ణి పట్టుకున్నారు. వాస్కోడగామా 1497 నవంబర్‌లో ఆఫ్రికా పడమటి తీరాన సెయింట్ హెలీనా బేలో ఒడ్డుకి దిగి మరీ కొలిచాడు. ఊగే ఓడ మీద ఆస్ట్రోలేబ్ (ఆ కాలపు ఎత్తు కొలిచే పరికరం) నిలవదు మరి.

నువ్వూ చెయ్యొచ్చురా. డాబా మీద మీటరు కర్ర నిటారుగా నిలబెట్టు. డిసెంబర్ 21 మధ్యాహ్నం నీడ ఉత్తరానికి 87 సెంటీమీటర్లు రావాలి. జూన్ 21న మాత్రం సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి వెళ్ళిపోతాడు కనక, నీడ దక్షిణానికి పడుతుంది, అదీ 10 సెంటీమీటర్లే. పన్నెండుకి అటూ ఇటూ కొన్నిసార్లు కొలిచి, అన్నిటికంటే పొట్టిది నాకు రాసి పంపు. పిన్నిగారిని అడిగానని చెప్పు.

నీ
రాజు