ఆదివారం ఫాస్ట్ స్కాన్ క్లాసు: నేర్పేవాళ్లకు

కోనసీమలో కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాళ్లు ఎమర్జెన్సీకి వస్తూనే ఉంటారు, అందుకే ముందు ఫాస్ట్ స్కానే (దెబ్బ తగిలినవాళ్ల కడుపులో రక్తం కారిందేమో అల్ట్రాసౌండ్‌తో త్వరగా చూడడం) నేర్పుదామండి. కర్వ్‌డ్ ప్రోబ్ (ఒంటికి ఆనించే వంపు మొన భాగం), లోతు 15 సెం.మీ. దగ్గర. కుడివైపు చంక మధ్యగీత మీద, 8–11 పక్కటెముకల సందుల్లో, ప్రోబ్ మీది మార్కర్ గుర్తు తలవైపు. ఎముక నీడ అడ్డొస్తే ప్రోబ్‌ని కాస్త ఏటవాలుగా తిప్పించండి.

లివరు, కిడ్నీ మధ్య నలుపు (రక్తం ఉంటే అలా కనబడుతుంది) లేదనగానే నేర్చుకునే పిల్లలు ప్రోబ్ తీసేస్తారు. పెద్ద తప్పు అదే! వెల్లకిలా పడుకున్న మనిషిలో కొద్దిపాటి రక్తం చాలాసార్లు లివరు కింది కొస దగ్గరే ముందు కనబడుతుంది. ఆ కొస కనబడేదాకా జరపాలి. మొదటిసారి ఏమీ లేకపోయినా, అనుమానముంటే మళ్లీ చూడాలి.

పొత్తికడుపు యూరిన్ ట్యూబు వేయకముందే చూడాలి. బ్లాడరు ఖాళీ అయితే వెనకున్న రక్తం దొరకడం కష్టం.

ప్రాక్టీసుకు గర్భిణులు వద్దు, 1994 లింగనిర్ధారణ నిషేధ చట్టం ఉంది. ఆ చట్టం వల్లే స్కాన్ మిషన్ని రిజిస్టరైన చోటు దాటించకండి.