ఊరి చివర ఇల్లు కొనే ముందు

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మా కాలనీ పక్కనే కడుతున్న కొత్త ఇళ్ళలో ఒకటి కొని అద్దెకిద్దామనుకుంటున్నావని చదివి చాలా సంతోషమేసింది. ఆ వంకతోనైనా తరచూ వస్తావు కదా! కానీ నా ఆశ పక్కన పెట్టి, ఇక్కడ కాపురం ఉంటున్నవాడిగా నాకు తెలిసింది చెబుతాను. తీరిగ్గా చదువు.

పదేళ్ళలో ధర రెట్టింపవుతుందని బ్రోకర్ అన్నాడని రాశావు. ముందు ఆ మాటనే లెక్క కడదాం. 72ను ఏళ్ళతో భాగిస్తే, ఏడాదికి ఎంత శాతం పెరిగినట్టో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. పదేళ్ళకు రెట్టింపంటే ఏటా ఏడు శాతం చిల్లర. నీ లోను వడ్డీ కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటే, రిజిస్ట్రేషన్, పన్నులు, రిపేర్లు, అమ్మేటప్పుడు ఇచ్చే కమీషన్ పోగా చేతికి మిగిలేదెంతో నువ్వే చూసుకో. అద్దె వస్తుందిగా అంటావేమో. ఏడాదిలో ఒక్క నెల ఇల్లు ఖాళీగా ఉన్నా ఆ ఏటి అద్దెలో 8 శాతం పైన పోయినట్టే.

అసలు సంగతి ఇంకొకటుంది. ఊరి నడుమ ఇళ్ళ ధరలు పెరగడానికి ముఖ్య కారణం, అక్కడ ఇంకో ఇల్లు కట్టడానికి చోటు లేకపోవడం. ఇక్కడ మా మేడ ఎక్కి చూస్తే కనుచూపు మేర ఖాళీ నేలే. జనం వస్తున్న మాట నిజమే, కానీ వాళ్ళకంటే ముందే ఇళ్ళు లేస్తున్నాయి. అయిదేళ్ళ తర్వాత నువ్వు అమ్మకానికి పెడితే, రోడ్డుకి అవతల సరికొత్త ఇల్లు డిస్కౌంటుతో సహా ఎదురు చూస్తుంటుంది. అద్దెకొచ్చేవాళ్ళూ ముందు దాన్నే చూస్తారు. పెరిగేది నేల విలువ, గోడలు మాత్రం ఏటా పాతబడతాయి. అందుకే నువ్వు కట్టే డబ్బులో నేల వాటా ఎంతో తప్పకుండా అడుగు. చుట్టూ ఖాళీ ఉన్నంతకాలం లాభం కోసం ఇక్కడ కొనడం నాకు ఇష్టం లేదురా. ఉండడానికైతే మాత్రం కళ్ళకద్దుకుని కొనుక్కోవచ్చు.

ఎందుకంటే ఇక్కడి బతుకులో ఎంతో సుఖముంది. సాయంత్రమైతే గాలి ధారాళంగా వస్తుంది. పిల్లలు వీధిలోనే ఆడుకుంటారు. అందరం ఒకేసారి కొత్తగా వచ్చినవాళ్ళం కాబట్టి ఎవరికి ఏ అవసరమొచ్చినా పక్కింటి తలుపే తడతాం. మా ఆవిడకు జ్వరమొచ్చినప్పుడు అర్ధరాత్రి కారు తీసింది ఎదురింటాయనే. ఊరి నడుమ ఉన్నన్నాళ్ళూ పక్కింట్లో ఎవరుంటారో కూడా నాకు తెలియదు.

కష్టాలూ చెప్పాలి కదా. స్కూలు బస్సు మొదట ఆగేది మా దగ్గరే, అందువల్ల మా అమ్మాయి అందరికంటే ముందు ఎక్కి అందరికంటే చివర దిగుతుంది. రాత్రి క్యాబ్ బుక్ చేస్తే, తిరుగు బేరం దొరకదని క్యాన్సిల్ చేసేస్తారు. కట్టడాల దుమ్ము ఎన్నిసార్లు తుడిచినా పోదు. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది, బండి నడపలేని పెద్దవాళ్ళు పగలంతా ఇంట్లో ఇరుక్కుపోవడం. మందుల దుకాణానికి వెళ్ళాలన్నా మా అమ్మ నేను వచ్చేదాకా ఆగాల్సిందే.

ఇక ప్రయాణం. ఎక్కడివాళ్ళైనా రోజుకు సగటున గంటసేపే ప్రయాణానికి కేటాయిస్తారనీ, బండ్ల వేగం పెరిగేకొద్దీ ఊళ్ళు విస్తరిస్తాయనీ చేజరే మార్కెటీ అనే ఇటలీ శాస్త్రవేత్త 1994లో రాశాడు. ఆ గంట దాటినకొద్దీ ఒంట్లో ఓపిక హరించుకుపోతుందని ఇక్కడి మొహాలు చూస్తేనే తెలుస్తుంది. రోడ్డు వెడల్పు చేస్తే తీరిపోతుందని నమ్మకు. రద్దీ వేళల్లో కొత్త రోడ్డు కూడా మళ్ళీ నిండిపోతుందని ఆంథొనీ డౌన్స్ అనే అమెరికా ఆర్థికవేత్త 1962లోనే వివరించాడు. రైలు వస్తుందన్న మాటా అంతే. లండన్ శివార్లలో మెట్రోపాలిటన్ రైల్వే తన స్టేషన్ల చుట్టూ ఉన్న సొంత భూముల్లోనే ఇళ్ళు కట్టించింది. ఆ చోటికి 1915 నుంచి 'మెట్రోలాండ్' అని ప్రచారం చేసింది. అక్కడ కొన్నవాళ్ళకు కళ్ళెదుట రైలుంది. నీకు చూపిస్తున్నది మ్యాప్ మీద గీత. ఆ గీతకు ఇప్పుడే డబ్బు కట్టకు.

అయినా అద్దెకే కొంటానంటే, ఒక పని చెయ్యి. ఏళ్ళ కిందటే పూర్తయిన బిల్డింగుల దగ్గరికి రాత్రి ఎనిమిదింటికి వెళ్ళి, ఎన్ని ఇళ్ళల్లో దీపాలు వెలుగుతున్నాయో చూడు. అద్దెకొచ్చేవాళ్ళు ఉద్యోగం దగ్గరని వస్తారు గానీ ఊరు పెరుగుతుందని రారు. కాబట్టి దగ్గర్లో ఆసుపత్రో, కాలేజీయో, ఫ్యాక్టరీయో ఇప్పటికే నడుస్తోందేమో కనుక్కో. మురుగునీరు ఎటు పోతుందో మాత్రం బిల్డర్‌ని కాదు, అక్కడ ఉంటున్నవాళ్ళని అడుగు.

అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకు. వానలు మొదలయ్యాక, ఆదివారం కాకుండా పనిరోజు చూసుకుని, చెల్లెమ్మనీ పిల్లలనీ తీసుకురా. నువ్వు మా ఇంటి నుంచే ఆఫీసుకు వెళ్ళి రా. కాగితాలు కూడా వెంట తెచ్చుకో, కూర్చుని కలిసి చూద్దాం.

నీ
మిత్రుడు