మందుల షాపులో కలిసిన నర్సు అక్కకి

అక్కా, కంగారులో మీ పేరు కూడా అడగలేదు.

మా పిల్లి బుజ్జిగాడికి షుగరని ఆ రోజే తేలింది. డాక్టరు గ్లార్జిన్ అనే ఇన్సులిన్ రాశారు, రెండు పూటలా ఒక్కో యూనిట్. రాత్రి షాపులో ఎర్రమూత సిరంజిలకి డబ్బులిస్తుంటే, డ్యూటీ దిగి వస్తున్న మీరు వెనక నుంచి, "ఆగమ్మా, ఆ సూది దీనికి కాదు" అన్నారు.

ఎర్రమూతది మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే మందుకి. మా సీసా 100ది. ఆ సిరంజిలో ఒకటో గీతదాకా లాగితే ఎక్కేది రెండున్నర యూనిట్లు. నాలుగు కిలోల పిల్లికి!

నారింజ మూతవి ఇప్పించి వెళ్లిపోవచ్చు కదా. షాపు మెట్టు మీద కూర్చుని, మీ బాటిల్లో నీళ్లతో యూనిట్ అంటే ఎంతో లాగి చూపించారు. నా చెయ్యి వణకడం చూసి ఇంటిదాకా వచ్చారు. వాడు గిన్నెలో మూతి పెట్టి తింటుంటే, వీపు మీద చర్మం గుడారంలా ఎత్తి పట్టుకుని, సూది మాత్రం నా చేతే గుచ్చించారు. వాడు తల కూడా ఎత్తలేదు. మీ ఫోన్ రెండుసార్లు మోగింది. "వస్తున్నా" అన్నారే గానీ కదల్లేదు. గుమ్మం దాటుతూ, "తినని పూట వేసెయ్యకు, ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యి" అన్నారు.

మూడు నెలలైంది. ఆ షాపుకెళితే ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తుంటాను. ఈసారి కనిపిస్తే కాఫీ తాగందే వదలను.